పోలీసు కొడితే ఏం చేయాలి, తిరిగి కొడితే ఏమవుతుంది

వాహన తనిఖీ దగ్గర మాటా మాటా పెరుగుతుంది, కానిస్టేబుల్ లాఠీ ఎత్తుతాడు, బండి మీదున్న కుర్రాడు ఆ లాఠీ పట్టుకుని లాగుతాడు, చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లు తీస్తారు. సాయంత్రానికి అందులో పది సెకన్ల ముక్క ఊరంతా తిరుగుతుంది. సగం మంది పోలీసుల దౌర్జన్యం అంటారు, సగం మంది డ్యూటీలో ఉన్న పోలీసు మీద దాడి అంటారు. వాదనలో ఎవరిది పైచేయి అయినా మర్నాడు పొద్దున కేసు మాత్రం మామూలుగా ఆ కుర్రాడి మీదే ఉంటుంది. అలా ఎందుకవుతుందో, కాకుండా ఉండాలంటే ఆ రోజూ ఆ వారమూ ఆ తర్వాతా ఏమేం చేయాలో రాస్తున్నా. ఇది చదివి వకీలు అక్కర్లేదనుకోకండి, వకీలు దొరికేలోపు మీరు చేసుకోగలిగిన పనులు ఇవి.

ముందు చేతుల సంగతి

"వాడు ముందు కొట్టాడు, ఆత్మరక్షణ కోసం నేను తోశాను" అంటారు చాలామంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 37 చూడండి. ప్రభుత్వ ఉద్యోగి తన హోదాలో, సదుద్దేశంతో చేసిన పని చట్టప్రకారం పూర్తిగా సరైనది కాకపోయినా సరే, ప్రాణం పోతుందనో తీవ్రగాయం అవుతుందనో భయపడటానికి సబబైన కారణం ఉంటే తప్ప మీకు ఎదురుతిరిగే ఆత్మరక్షణ హక్కు లేదు. చెంపదెబ్బకి చెంపదెబ్బ అనే లెక్క అక్కడ చెల్లదు. సదుద్దేశం కాదు, కక్షతో కొట్టాడు అని మీరు నిరూపించొచ్చు, కాకపోతే అది నిరూపించేది కోర్టులో, అప్పటిదాకా బెయిలు కోసం తిరిగేది మీరు.

విధుల్లో ఉన్న ఉద్యోగిని అడ్డుకోవడానికి చెయ్యి చేసుకుంటే సెక్షన్ 132 కింద రెండేళ్ళ వరకు జైలు, అదీ నాన్ బెయిలబుల్. అతనికి గాయమైతే 121, ఐదేళ్ళ వరకు (పాత ఐపీసీ 332లో ఇది మూడేళ్ళే, కొత్త చట్టంలో పెంచారు). తీవ్రగాయమైతే ఏడాదికి తగ్గకుండా పదేళ్ళ దాకా. ఊరికే అడ్డం నిలబడి పని సాగనివ్వకపోతే 221, మూడు నెలల వరకు. ఇక గుంపులో ఉన్నవాళ్ళయితే మరీ జాగ్రత్త. ఐదుగురు, అంతకు మించి ఉన్న గుంపుని చట్టవిరుద్ధ సమూహం కింద చూపించారంటే సెక్షన్ 190 ప్రకారం ఒకడు రాయి వేస్తే ఆ ఉద్దేశంతో అక్కడున్న ప్రతివాడూ వేసినట్టే లెక్క. "నేను ఊరికే చూస్తున్నా సార్" అని స్టేషన్‌లో చెప్పుకునేవాళ్ళలో సగం మంది నిజంగానే ఊరికే చూసినవాళ్ళు. అందుకే రాయి లేచిందంటే అక్కడినుంచి కదలండి, వీడియో తీయాలన్నా దూరం నుంచి తీయండి.

శిక్ష కంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. మీ చెయ్యి పడిన మరుక్షణం మీ ఒంటి మీద ప్రతి గాయానికీ వాళ్ళకి ఒక జవాబు దొరుకుతుంది: "తోపులాటలో తగిలింది", "నిందితుడిని అదుపు చేయడానికి కనీస బలం వాడాం". మీరు చెయ్యి ఎత్తకపోతే అదే గాయానికి వాళ్ళు జవాబు వెతుక్కోవాలి. పోలీసుని లెక్క చెప్పించాలన్న కోరిక మీకు నిజంగా ఉంటే మీ చేతులు కిందే ఉండటం మంచితనం కోసం కాదు, మీ కేసు కోసం. నోరు కూడా అంతే. బూతు ఒక్కటి వీడియోలో వినిపించిందంటే మిగతా పదిహేను నిమిషాలు ఎవరూ చూడరు.

అక్కడికక్కడే గమనించాల్సినవి

పేరు. పోలీసు యూనిఫాం మీద పేరు స్పష్టంగా కనపడాలి, అరెస్టు చేసే అధికారికైతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 36 అదే చెబుతుంది. పేరు కనపడకపోతే పెట్రోలింగ్ బండి నంబరు, టైము, ఏ జంక్షనో, పక్కన ఏ షాపు కెమెరా ఉందో గుర్తుపెట్టుకోండి. షాపుల కెమెరాల్లో పాతది చెరిగి కొత్తది ఎక్కుతూ ఉంటుంది, కాబట్టి ఆ షాపతన్ని అదే రోజు అడగాలి, వారం ఆగితే పోతుంది.

వీడియో తీయొద్దు అని అరుస్తారు. పబ్లిక్ రోడ్డు మీద పోలీసు పనిని దూరం నుంచి, అడ్డం పడకుండా వీడియో తీయడాన్ని నిషేధించే చట్టం లేదు. స్టేషన్ లోపల తీస్తే అధికార రహస్యాల చట్టం పెడతామని బెదిరించడం కూడా ఉంది, పోలీస్ స్టేషన్ ఆ చట్టం చెప్పే నిషిద్ధ ప్రదేశం కిందికి రాదని బాంబే హైకోర్టు తేల్చింది. అలాగని ముఖంలో ఫోన్ పెట్టి తీయకండి, దాన్నే "విధులకు ఆటంకం" అని రాస్తారు. తీసిన వీడియో మీ ఫోన్‌లో ఒరిజినల్‌గా అలాగే ఉంచండి, కత్తిరించొద్దు, దాని మీద అక్షరాలు అతికించొద్దు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, వాట్సాప్‌లో నలుగురి చేతులు మారి వచ్చిన కాపీతో అది ఇవ్వడం తలనొప్పి. ఫోన్ లాక్కుంటే రసీదు గానీ పంచనామా గానీ అడగండి, ఇవ్వకపోతే ఇవ్వలేదన్న సంగతే తర్వాత ఫిర్యాదులో ఒక వాక్యం అవుతుంది.

స్టేషన్‌కి రమ్మన్నప్పుడు, తీసుకెళ్ళినప్పుడు

"ఊరికే మాట్లాడదాం రా" అన్న పిలుపుతోనే చాలా కథలు మొదలవుతాయి. అరెస్టు అవసరం లేని కేసులో నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35(3) కింద నోటీసు ఇచ్చి పిలవాలి, ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. సాక్షిగా పిలిచేదైతే సెక్షన్ 179 కింద రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి, ఆడవాళ్ళనీ, 15 ఏళ్ళ లోపు, 60 దాటిన మగవాళ్ళనీ, వికలాంగులనీ, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్ళనీ ఇంటి దగ్గర తప్ప ఇంకెక్కడికీ రమ్మనకూడదు. "సార్, నోటీసు ఇస్తే తప్పకుండా వస్తాను" అనే వాక్యం మర్యాదగా, పదిసార్లయినా సరే, అలాగే అనండి.

అరెస్టే చేస్తే అరెస్టు మెమో రాయాలి, దాని మీద ఇంట్లోవాళ్ళో ఆ ప్రాంతంలో పేరున్న మనిషో సాక్షి సంతకం పెట్టాలి, మీ సంతకం ఉండాలి. ఆ మెమోలో వేసిన టైము మిమ్మల్ని నిజంగా తీసుకెళ్ళిన టైమేనా అని చూసుకోండి. 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలన్న రాజ్యాంగ నియమాన్ని తప్పించుకునే పాత కిటుకు ఇదే, మంగళవారం తీసుకెళ్ళి గురువారం పట్టుకున్నామని రాయడం. టైము తప్పయితే సంతకం పక్కనే మీ చేత్తో అసలు టైము రాయండి, రాయనివ్వకపోతే మేజిస్ట్రేట్‌కి నోటితో చెప్పండి. అరెస్టుకి కారణాలు చెప్పాలి, మీరు చెప్పిన మనిషికి కబురు పెట్టాలి, ప్రశ్నించే సమయంలో మీ వకీలుని కలవనివ్వాలి (అంతసేపూ పక్కన కూర్చోనివ్వరు, కలవనిస్తారు). సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఆడవాళ్ళని అరెస్టు చేయకూడదు, తప్పనిసరైతే మహిళా అధికారి, మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి రెండూ కావాలి. ఇవన్నీ 1996 డిసెంబర్ 18న డి.కె. బసు తీర్పులో సుప్రీంకోర్టు ఇచ్చిన 11 సూచనలతోనూ, వాటి చుట్టూ పెరిగిన చట్టంతోనూ వచ్చినవి. లోపల వీటిని కంఠస్థం అప్పజెప్పి లాభం లేదు, బయట ఉన్నవాళ్ళకి తెలియాలి.

ఎందుకంటే లోపల ఉన్న మనిషి చేయగలిగింది తక్కువ, అసలు పని బయటివాళ్ళది. మనిషిని తీసుకెళ్ళారని తెలిసిన వెంటనే 112కి గానీ 100కి గానీ ఫోన్ చేసి "ఫలానా టైముకి ఫలానా చోటు నుంచి తీసుకెళ్ళారు, ఎక్కడున్నాడో చెప్పండి" అని అడగండి. వాళ్ళు ఏమీ చెప్పకపోవచ్చు, కానీ ఆ కాల్‌కి ఒక టైము నమోదవుతుంది, తర్వాత మెమోలో టైము మార్చాలంటే ఆ కాల్ అడ్డం వస్తుంది. అదే మాట ఎస్పీకి గానీ కమిషనర్‌కి గానీ మెయిల్ పెట్టండి. వకీలుకి డబ్బు లేకపోతే 15100, న్యాయ సేవల సంస్థ నంబరు. కస్టడీలో ఉన్నవాళ్ళకీ, ఆడవాళ్ళకీ, ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు 1987 చట్టం ప్రకారం హక్కు. 24 గంటలు దాటినా మనిషి జాడ లేకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందు పెట్టమనే పిటిషన్. సెలవు రోజైనా హౌస్ మోషన్ అని జడ్జి ఇంటి దగ్గరే వేస్తారు, హైకోర్టు వకీళ్ళకి అది కొత్తేం కాదు. పిటిషన్ వేశారని తెలియగానే మనిషి "ఇప్పుడే దొరికాడు" అని కోర్టులో హాజరయ్యే చమత్కారాలు మన దగ్గర బోలెడు.

మేజిస్ట్రేట్ ముందు ఒక్క నిమిషం

ఈ ఒక్క నిమిషాన్ని చాలామంది వదిలేస్తారు. వెనక పోలీసు నిలబడి ఉంటాడు, దారిలో "నోరు తెరిస్తే మళ్ళీ కస్టడీకి తీసుకుంటాం" అని చెప్పి ఉంటాడు, మేజిస్ట్రేట్ "ఏమైనా చెప్పాలా" అంటారు, తల అడ్డంగా ఊగుతుంది. అంతే, రిమాండ్ ఉత్తర్వులో "పోలీసుల మీద ఫిర్యాదు లేదు" అని ఎక్కుతుంది, తర్వాత రెండేళ్ళు ఆ వాక్యంతో పోరాడాలి.

2020 జూన్‌లో తమిళనాడు సాతాన్‌కుళంలో సెల్‌ఫోన్ షాపు తండ్రీకొడుకులని లాక్‌డౌన్ టైము దాటి షాపు తెరిచారని తీసుకెళ్ళి చావబాదారు, ఇద్దరూ చనిపోయారు. రిమాండ్ చేసిన మేజిస్ట్రేట్ వాళ్ళని సరిగా చూడకుండానే జైలుకి పంపారన్న విమర్శ ఆ కేసుకి గుండెకాయ లాంటిది. కాబట్టి భయమేసినా సరే గాయం చూపించండి, చొక్కా ఎత్తండి, "నన్ను కొట్టారు, డాక్టరుకి చూపించండి, ఇది రాసుకోండి" అని మూడు ముక్కలు చాలు. కొట్టినవాళ్ళ పేర్లు తెలియకపోయినా ఫర్వాలేదు. వకీలు ఉంటే ఆయన చేత అక్కడే మెమో దాఖలు చేయించండి.

అదే సాతాన్‌కుళం కేసులో ఇంకో సంగతి ఉంది. ఆ రాత్రి ఏం జరిగిందో విచారణకొచ్చిన మేజిస్ట్రేట్‌కి చెప్పింది అదే స్టేషన్‌లో పనిచేసే మహిళా హెడ్ కానిస్టేబుల్. ప్రతి స్టేషన్‌లోనూ అలాంటి మనిషి ఒకరు ఉంటారని చెప్పలేం, ఉండే అవకాశం మాత్రం ఉంటుంది. మొత్తం డిపార్ట్‌మెంట్‌ని తిట్టిపోసి, గేటు దగ్గర సెంట్రీని తోసి, ఆ మనిషిని మన చేతులారా అవతలి వైపుకి నెట్టేయకూడదు.

డాక్టరు రాసిన కాగితం

గాయం మానిపోతుంది, కాగితం మానదు. కస్టడీలో ఉంటే నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 53 కింద అరెస్టయిన వెంటనే ప్రభుత్వ డాక్టరు పరీక్ష చేసి, ఏ గాయాలున్నాయో, సుమారు ఎప్పుడు తగిలాయో రాయాలి, ఆ నివేదిక కాపీ మీకో మీరు చెప్పినవాళ్ళకో ఇవ్వాలి. కాపీ అడిగేవాళ్ళే తక్కువ. బయటికి వచ్చాకయితే ఇంటికి కాదు, నేరుగా ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, కోర్టులో పనికొచ్చే గాయాల రికార్డు) రాయించుకోండి. ప్రైవేటు డాక్టరు దగ్గర కట్టు కట్టించుకుంటే నొప్పి తగ్గుతుంది, కేసుకి బలం తగ్గుతుంది. "ఎలా తగిలింది" అని డాక్టరు అడిగితే "పడ్డాను" అనకండి, పక్కన పోలీసు ఉన్నా సరే. అరికాళ్ళ మీద కొడితే పైకి పెద్దగా కనపడదు, అలాంటిదేమైనా ఉంటే మీరే చెప్పి ఎక్స్‌రే అడగాలి. ఫొటోలు ఆ రోజు తీయండి, రెండు మూడు రోజుల తర్వాత కమిలిన రంగు ముదిరాక మళ్ళీ తీయండి, ఒకదాంట్లోనైనా ముఖం, గాయం రెండూ కలిపి కనపడాలి.

కెమెరా పని చేయట్లేదు అంటారు

2020 డిసెంబర్ 2న పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు దేశంలో ప్రతి పోలీస్ స్టేషన్‌లో ప్రవేశ ద్వారం నుంచి లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది దాకా మాటలు కూడా వినపడే సీసీ కెమెరాలు పెట్టాలంది. రికార్డింగ్ 18 నెలలు దాచాలి, అంత సామర్థ్యం లేకపోతే కనీసం ఏడాది. పని చేయించే బాధ్యత ఎస్‌హెచ్‌ఓది, అంటే స్టేషన్ ఇన్‌చార్జి అధికారిది. జరిగింది ఎంతంటే, 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తనంతట తానే మళ్ళీ ఈ విషయం చేపట్టాల్సి వచ్చింది.

మీరు చేయాల్సిందల్లా మర్నాడే ఒక ఉత్తరం రాయడం: ఫలానా తేదీ, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా ఫలానా స్టేషన్ ఫుటేజీ భద్రపరచండి అని. ఎస్‌హెచ్‌ఓకి, ఎస్పీకి, మానవ హక్కుల కమిషన్‌కి ముగ్గురికీ. కాపీ ఇవ్వమని సమాచార హక్కు దరఖాస్తు వేస్తే ఏదో ఒక మినహాయింపు చూపించి తిరస్కరించే అవకాశమే ఎక్కువ, వేయొద్దని కాదు, ప్రాణానికీ స్వేచ్ఛకీ సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలన్న సెక్షన్ 7(1) నిబంధన చూపించి వేయండి. కానీ భద్రపరచమన్న ఉత్తరమే ముఖ్యం. ఆ తర్వాత "ఆ రోజు కెమెరా పాడైంది" అంటే, అడిగాక కూడా ఎందుకు పాడైందో చెప్పాల్సిన బరువు వాళ్ళ మీద పడుతుంది.

ఫిర్యాదు ఎలా రాయాలి

మనవాళ్ళ ఫిర్యాదుల్లో విశేషణాలు ఎక్కువ. "అత్యంత అమానుషంగా, రాక్షసంగా, కిరాతకంగా హింసించి" అని మూడు లైన్లు పోతాయి, ఎన్ని గంటలకో ఉండదు. ఇలా రాయండి:

"12వ తేదీ రాత్రి 9.40కి నన్ను బస్టాండు ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర నుంచి ఇద్దరు కానిస్టేబుళ్ళు జీపులో తీసుకెళ్ళారు. 10 గంటలకు స్టేషన్ వెనక గదిలో ఎస్సై గారు నా కుడి చెంప మీద నాలుగు సార్లు, ఎడమ తొడ మీద లాఠీతో కొట్టారు. సెంట్రీ డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ చూశారు. మర్నాడు ఉదయం 6.15కి తెల్ల కాగితం మీద సంతకం చేయించుకుని పంపేశారు. నేను 7.30కి ఏరియా ఆసుపత్రిలో చూపించుకున్నాను, ఎంఎల్‌సీ కాపీ జత చేశాను."

అంతే. "గారు" తీసేయాలనిపిస్తుంది, ఉంచండి. మీరు చేసిన తప్పు ఏదైనా ఉంటే, అంటే హెల్మెట్ లేకపోవడమో గట్టిగా అరవడమో, అదీ మీరే రాయండి. దాచితే అవతలి వకీలు అదొక్కటే పట్టుకుని మిగతాదంతా అబద్ధం అంటాడు. ఎవరు కొట్టారో, ఎవరు కొట్టమన్నారో, ఎవరు ఊరికే నిలబడ్డారో విడివిడిగా రాయండి. లేకపోతే కథంతా చివరికి ఒక హోంగార్డు మీదో కొత్త కానిస్టేబుల్ మీదో తేలి, కొట్టమన్న అధికారి బదిలీతో బయటపడతాడు.

ఇక ఎవరికి ఇవ్వాలి. మొదట స్టేషన్‌లోనే, తీసుకోరని తెలిసినా సరే. కాగ్నిజబుల్ నేరం (వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం) సమాచారం అందితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013 లలితా కుమారి తీర్పు, నేరం తమ పరిధిలో జరగకపోయినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చని నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173. తీసుకోకపోతే 173(4) ప్రకారం ఎస్పీకి స్పీడ్ పోస్టులో. సోమవారం గ్రీవెన్స్‌లో స్వయంగా ఇచ్చి రసీదు కూడా తీసుకుంటే ఇంకా మంచిది. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గరికి, 175(3) కింద. విధుల్లో చేసిన పని మీద ఫిర్యాదైతే 175(4) ప్రకారం మేజిస్ట్రేట్ పైఅధికారి నివేదిక తెప్పించుకుని, ఆ పోలీసు వాదన కూడా విని అప్పుడు నిర్ణయిస్తారు, కాబట్టి ఆలస్యం ఖాయం, మనసు సిద్ధం చేసుకోండి. సెక్షన్లు మీరు రాయకపోయినా నష్టం లేదు గానీ ఒప్పుకోలు రాబట్టడానికి కొడితే న్యాయ సంహిత సెక్షన్ 120 అని, ఏడేళ్ళ దాకా శిక్ష అని తెలిసి ఉండటం మంచిది. మామూలు దెబ్బల సెక్షన్‌తో సరిపెట్టారా లేదా అన్నది అక్కడే తేలుతుంది. ఎస్సీ ఎస్టీలయితే అట్రాసిటీ చట్టం సెక్షన్ 4, విధి నిర్లక్ష్యం చేసిన అధికారి మీద, మర్చిపోవద్దు.

జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి తెలుగులోనే రాయొచ్చు, ఫీజు లేదు, జరిగిన ఏడాదిలోపు ఇవ్వాలి, టోల్ ఫ్రీ 14433. రాష్ట్ర కమిషన్ ముందు కేసు నడుస్తుంటే జాతీయ కమిషన్ ముట్టుకోదు, అందుకని రెండు చోట్లా వేసేయకుండా ఒకటి ఎంచుకోండి. కమిషన్లు సిఫార్సు చేస్తాయి, శిక్ష వేయలేవు, నష్టపరిహారం ఇప్పించడంలో మాత్రం కొంత పనికొస్తాయి. 2006లో ప్రకాశ్ సింగ్ తీర్పు రాష్ట్రానికీ జిల్లాకీ పోలీసు ఫిర్యాదుల అథారిటీలు పెట్టమంది, డీఎస్పీ దాకా జిల్లా అథారిటీ, ఎస్పీ, ఆపైన రాష్ట్ర అథారిటీ. రాష్ట్రాలు దీన్ని ఎంత సాగదీశాయో చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి. మీ జిల్లాలో అది పనిచేస్తోందో లేదో కనుక్కుని, పనిచేస్తుంటే ఒక కాపీ పడేయండి, దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

నన్నడిగితే ఎంఎల్‌సీ, ఎస్పీకి పోస్టు, మేజిస్ట్రేట్ దరఖాస్తు ఈ మూడూ గట్టిగా ఉంటే చాలు. సోషల్ మీడియాలో డీజీపీని ట్యాగ్ చేయడం వల్ల ఎస్సైని వీఆర్‌కి (పోస్టింగ్ లేకుండా వేకెన్సీ రిజర్వ్‌కి) పంపుతారు, పేపర్లో వార్త వస్తుంది, మనం చల్లబడతాం, మూడు నెలలకి ఆయన ఇంకో స్టేషన్‌లో కూర్చుంటాడు.

దెబ్బ తిన్నది పోలీసే అయితే

మీ కళ్ళ ముందు జనం ఒక కానిస్టేబుల్‌ని కొడుతుంటే 112కి చెప్పండి, వీడియో ఉంటే ఇవ్వండి, సాక్ష్యం చెప్పండి. వాళ్ళ డిపార్ట్‌మెంట్ మీద మనకి ఎంత కోపమున్నా ఆ మనిషి రోజుకి సగటున 14 గంటలు పనిచేసే మనిషి, 2019లో వచ్చిన దేశవ్యాప్త సర్వే లెక్క అది. సంఘం పెట్టుకోవాలన్నా, పత్రికలతో మాట్లాడాలన్నా 1966 చట్టం ఆంక్షలు పెడుతుంది. 2024 అక్టోబర్‌లో తెలంగాణ బెటాలియన్ కానిస్టేబుళ్ళ భార్యలు రోడ్డెక్కింది అందుకే, భర్తలు ఎక్కలేరు కాబట్టి.

మన ప్రాంతానికి ఈ విషయంలో జ్ఞాపకాలు చాలా ఉన్నాయి. నక్సలైట్ల మీదికి పెట్టిన ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్‌ని తీర్చిదిద్దిన పోలీసు అధికారి వ్యాస్‌ని 1993 జనవరిలో ఎల్బీ స్టేడియంలో, ఇంకో పోలీసు అధికారి ఉమేశ్ చంద్రని 1999 సెప్టెంబర్‌లో ఎస్సార్ నగర్ నడిరోడ్డు మీద నక్సలైట్లు కాల్చి చంపారు. ఆ హత్యల వల్ల ఎన్‌కౌంటర్లు ఆగలేదు. ఎన్‌కౌంటర్ మీద ప్రశ్న వేసినవాళ్ళని నక్సలైట్లతో కలిపి కట్టేయడం మాత్రం తేలికైంది. 2020 జూలై 3న కాన్పూర్ దగ్గర బిక్రూలో వికాస్ దూబే ముఠా ఎనిమిది మంది పోలీసులని చంపింది. పోలీసులు పట్టుకోవడానికి వస్తున్న సంగతి దూబేకి ముందే చేరవేశారన్న ఆరోపణ మీద స్థానిక పోలీసులే అరెస్టయ్యారు. వారం తిరిగేసరికి, 10వ తేదీన, దూబే ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. ఆ ఎనిమిది మందిని అమ్మినవాళ్ళెవరో కోర్టులో చెప్పగలిగే నోరు కూడా అతనితోపాటే పోయింది, నష్టపోయింది ఆ పోలీసుల కుటుంబాలే.

అందుకని ఇలాంటి వార్త మీద వాదనకి దిగేటప్పుడు ముందు అడగాల్సింది "ఎవరి పక్షం" అని కాదు, "పోలీసుల మీద దాడి జరిగింది అని చెబుతున్నది ఎవరు, దాన్ని ఎవరైనా పరీక్షించారా" అని. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురిని కాల్చినప్పుడు చెప్పిన కారణం అదే, తుపాకులు లాక్కుని, రాళ్ళు రువ్వి పోలీసుల మీద దాడి చేశారని. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ మాత్రం ఆ కథ నమ్మదగ్గది కాదనీ, చంపాలనే కాల్చారనీ తేల్చి పది మంది పోలీసులని విచారించాలంది, 2022లో ఆ నివేదిక బయటికొచ్చింది. పోలీసు మీద నిజంగా చెయ్యి చేసుకునే ప్రతి మనిషీ ఇలాంటి కథలకి నమ్మకం అప్పిస్తున్నాడు. ఎన్‌కౌంటర్ మరణాల్లో ఎలా దర్యాప్తు జరగాలో 2014 సెప్టెంబర్ 23న పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 16 సూచనలు ఇచ్చింది, అందులో ఎఫ్ఐఆర్, వేరే స్టేషన్ గానీ సీఐడీ గానీ దర్యాప్తు, మేజిస్ట్రేట్ విచారణ ఉన్నాయి. వాదించేవాళ్ళు ఇవి జరిగాయా లేదా అని అడిగితే చాలు, నిందితుడు మంచివాడని నిరూపించాల్సిన పని లేదు.

కౌంటర్ కేసు, రాజీ కబురు

మీరు ఫిర్యాదు ఇవ్వగానే మీ మీద 132 కేసు పడొచ్చు, తేదీ మీ ఫిర్యాదుకి ఒక గంట ముందుది ఉండొచ్చు. అందుకే 112 కాల్, ఎంఎల్‌సీ టైము, స్పీడ్ పోస్టు రసీదు. వాటి టైములు ఎవరూ వెనక్కి జరపలేరు.

తర్వాత పెద్దమనుషులు వస్తారు. "వాళ్ళూ తీసుకుంటారు, నువ్వూ తీసుకో, పోయేదేముంది" అంటారు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మామూలు దెబ్బల కేసు, న్యాయ సంహిత సెక్షన్ 115(2), మీరు రాజీ పడితే పోతుంది. కానీ మీ మీద ఉన్న 132 రాజీ పడదగ్గ సెక్షన్ల జాబితాలో లేదు. సీఐ మాటిచ్చినా, కొట్టిన కానిస్టేబులే వచ్చి నాకేం అభ్యంతరం లేదన్నా అది దానంతట పోదు. ప్రభుత్వ ప్రాసిక్యూటర్ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 360 కింద కోర్టు అనుమతితో ఉపసంహరించాలి, లేదంటే హైకోర్టు అదే సంహిత సెక్షన్ 528 కింద కొట్టేయాలి. ముందు మీ ఫిర్యాదు వెనక్కి తీసుకుని ఆ తర్వాత వాళ్ళది పోతుందని ఎదురుచూస్తే ఉద్యోగం వెరిఫికేషన్ నాడో పాస్‌పోర్ట్ నాడో ఆ కేసు తలుపు తడుతుంది. రాజీ పడాలనే ఉంటే పడండి, బతుకు తెరువు ఉన్నవాళ్ళకి పదేళ్ళు కోర్టు చుట్టూ తిరిగే ఓపిక ఉండాలని ఎవరూ శాసించలేరు. కాకపోతే రెండు కేసులూ కలిపి ఒకేసారి హైకోర్టులో తేలేలా వకీలు చేత పిటిషన్ వేయించండి, తెల్ల కాగితం మీద సంతకం పెట్టకండి, మీ ఎంఎల్‌సీ ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకండి.

రాజీ పడకుండా ముందుకెళ్ళేవాళ్ళకి ఎదురయ్యే పెద్ద గోడ ప్రాసిక్యూషన్ అనుమతి, అంటే ఉద్యోగి మీద కేసు నడపడానికి ప్రభుత్వం ఇవ్వాల్సిన అనుమతి, నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 218. లాకప్‌లో కొట్టడం విధి నిర్వహణ కిందికి రాదని వకీలు వాదించాలి, వాదించడానికి తీర్పులున్నాయి. అనుమతి అవసరమే అన్నా, కొత్త చట్టంలో ప్రభుత్వానికి 120 రోజుల గడువు పెట్టారు, అప్పటికీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే. అడిగిన తేదీ ఎక్కడ నమోదైందో ఆ కాగితం తీసి పెట్టుకుని, 121వ రోజున కోర్టులో మెమో వేయించండి.